మొహమాటం పోగొట్టే జబ్బు

1901 నవంబరు 25న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలలో 51 ఏళ్ల గృహిణి ఒకామెను చేర్చారు. పేరు ఆగస్టె డెటెర్. ఆమెను పరీక్షించిన డాక్టరు అలోయిస్ ఆల్జైమర్. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయాక ఆల్జైమర్ ఆమె మెదడు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అదే ఏడాది నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో ఆ వివరాలు చదివారు. మరో నాలుగేళ్లకు ఆ జబ్బు ఆయన పేరుతోనే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఇదంతా చాలామంది ఎరిగిన చరిత్రే. ఆ నివేదిక మొదట్లోనే రాసిన ఒక సంగతి మాత్రం ఎవరి దృష్టికీ పెద్దగా రాదు. ఆగస్టెలో బయటపడ్డ తొలి లక్షణం భర్త మీద అనుమానం, అసూయ. వస్తువులు ఎక్కడో పెట్టి మరిచిపోవడం, సొంత ఇంట్లోనే దారి తెలియకపోవడం ఆ తర్వాత వచ్చాయి.

డిమెన్షియా అనగానే కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికే తాతగారు మన కళ్లముందు మెదులుతారు. సినిమాలు కూడా ఆ బొమ్మనే పదేపదే గీశాయి. నిజానికి ఇంట్లోవాళ్లను తొలిచేసేది మరపు ఒక్కటే అయితే సగం బాధ తగ్గేది. మనిషికీ మనిషికీ మధ్య ఉండే పొత్తు ఈ జబ్బుల్లో ఎలా చెడిపోతుందో గత ఇరవై ఏళ్లలో శాస్త్రజ్ఞులకు బాగా బోధపడింది. అందులో ఒక విచిత్రం ఉంది. ఒకరకం డిమెన్షియాలో తొలిదశలో జ్ఞాపకం పెద్దగా చెక్కుచెదరదు, ఎదుటివాళ్ల బాధ మాత్రం అంటదు. ఇంకోరకంలో జ్ఞాపకం జారిపోతుంది, బాధ మాత్రం ఆరోగ్యవంతుల కంటే ఎక్కువగా అంటుకుంటుంది. మనం ఈ ఇద్దరినీ తారుమారుగా అర్థం చేసుకుంటున్నాం. మొదటివాణ్ని చూసి 'అన్నీ తెలిసే చేస్తున్నాడు' అంటాం. రెండో మనిషిని చూసి 'ఆవిడకేం తెలుస్తుంది లెండి' అంటాం. రెండు మాటలూ తప్పే.

మొదటి రకం సంగతి ముందు చూద్దాం. ఆల్జైమర్ నివేదికకు పద్నాలుగేళ్ల ముందే, 1892లో, ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ అనే వైద్యుడు ఒక రోగి గురించి రాశాడు. ఆ రోగికి మాట పోయింది, నడవడిక మారింది. చనిపోయాక చూస్తే మెదడు అంతటా సమానంగా కుంచించుకుపోలేదు, కొన్ని భాగాలే బాగా ఎండిపోయాయి. చాలాకాలం దీన్ని పిక్ జబ్బు అన్నారు. ఇప్పుడు ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అంటున్నారు. నుదుటి వెనక ఉండే ఫ్రాంటల్ లోబ్, చెవుల పక్కగా ఉండే టెంపొరల్ లోబ్ ఇందులో ముందుగా దెబ్బతింటాయి కాబట్టి ఆ పేరు. 2023 ఫిబ్రవరిలో హాలీవుడ్ నటుడు బ్రూస్ విల్లిస్ కుటుంబం ఆయనకు ఉన్నది ఇదేనని ప్రకటించినప్పుడు పత్రికలు చదివేవాళ్లలో చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు. ఇందులో మాటను దెబ్బతీసే రకాలు ఉన్నాయి, నడవడికను దెబ్బతీసే రకం ఉంది. ఇక్కడ నేను చెప్పేది నడవడికకు సంబంధించిన రకం గురించి.

ఇది ముసలితనం కోసం ఆగదు. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్యే మొదలవుతుంది. అంటే ఉద్యోగంలో ఉన్నవాడు, పిల్లల పెళ్లిళ్లు చేయాల్సినవాడు, ఇంటి అప్పు తీరుస్తున్నవాడు. ఇంట్లో కనిపించే తీరు ఇలా ఉంటుంది. పెళ్లిచూపుల్లో అందరి ఎదుటా 'అమ్మాయి ఫొటోలో కంటే లావుగా ఉందే' అనేస్తాడు. బంతిలో కూర్చుని పక్క విస్తట్లోని మైసూరుపాకు తీసి నోట్లో వేసుకుంటాడు. పరామర్శకు వెళ్లినచోట శవం లేవకముందే కాఫీ అడుగుతాడు. భార్య నూటమూడు జ్వరంతో మూలుగుతుంటే మంచం పక్కన నిలబడి 'మరి టిఫినో?' అంటాడు. ఆ అడగడంలో కోపం ఉండదు, కసి ఉండదు. అదే భయంకరం. పాతికేళ్లు కాపురం చేసిన మనిషి ఆ ముఖంలోకి చూస్తే తన బాధకు అక్కడ చిన్న కదలిక కూడా కనిపించదు.

2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఈ జబ్బును గుర్తించడానికి ఆరు ఆనవాళ్లు ఖరారు చేసింది. అదుపు తప్పిన ప్రవర్తన, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఎదుటివారి పట్ల కనికరం తగ్గడం, చేసిన పనే చేస్తూ ఉండటం, తిండి తీరు మారడం, ముఖ్యంగా తీపి కోసం వెంపర్లాట, చివరిది జ్ఞాపకం నిలిచి ఉండగానే పనుల్ని ఆలోచించి చేసుకునే శక్తి తగ్గడం. వీటిలో మూడు ఉంటే అనుమానించాలి. మామూలుగా డాక్టర్లు పెట్టే ముప్పై మార్కుల పరీక్ష ఒకటి ఉంది. ఇవాళ తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసేస్తూ పొండి, నేను చెప్పిన మూడు మాటలు మళ్లీ చెప్పండి అంటూ సాగుతుంది. జబ్బు తొలిదశలో ఉన్నవాడు ఈ పరీక్షలో దాదాపు పూర్తి మార్కులు తెచ్చుకోగలడు. 'ఈయనకేమీ లేదమ్మా' అని పంపేస్తారు. కొందరికి డిప్రెషన్ అని, కొందరికి బైపోలార్ అని మందులు రాస్తారు. ఇంట్లోవాళ్లేమో గాలి సోకిందనో, ఎవరితోనో సంబంధం పెట్టుకున్నాడనో, తాగుతున్నాడనో అనుకుంటారు. పేరు తెలిసేలోపు ఉద్యోగం ఊడిపోతుంది, డబ్బు ఎవరి చేతుల్లోనో పడుతుంది, ఒక్కోసారి సంసారమే విడిపోతుంది.

ఇంతకీ పోయింది ఏమిటి? దీన్ని తేల్చడానికి కాలిఫోర్నియాలో రాబర్ట్ లెవెన్‌సన్, వర్జీనియా స్టర్మ్ తదితరులు చేసిన ప్రయోగాలు నాకు చాలా ఇష్టం. ఎందుకంటే అవి చూడటానికి చిన్నపిల్లల ఆటల్లా ఉంటాయి. 2006లో ప్రచురించిన ప్రయోగంలో రోగుల్నీ, ఆరోగ్యవంతుల్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, చెప్పాపెట్టకుండా 115 డెసిబెల్స్ మోత మోగించారు. తుపాకీ పేలినట్టుండే చప్పుడు. అందరూ ఒకేలా ఉలిక్కిపడ్డారు. భయం, చిరాకు ఇద్దరిలోనూ సమానమే. తేడా ఆ మరుక్షణంలో ఉంది. ఆరోగ్యవంతులు 'అయ్యో, ఎంతలా అదిరిపడ్డాను' అన్నట్టు కాస్త సిగ్గుపడ్డారు, నవ్వారు, తల దించుకున్నారు. రోగుల్లో ఆ సిగ్గు చాలా తక్కువ.

ఇంకో ప్రయోగం మరీ చిలిపిది. కరావోకె పెట్టి 'మై గర్ల్' అనే పాత ఇంగ్లిష్ పాట పాడించారు. తర్వాత వెనకనున్న సంగీతం తీసేసి, వాళ్ల ఒట్టి గొంతు మాత్రమే వినపడేలా ఆ వీడియో వాళ్లకే చూపించారు. తన గొంతు తాను వినడం ఎవరికైనా నరకమే. ఆరోగ్యవంతులు మెలికలు తిరిగిపోయారు, గుండె వేగం, చెమట మారాయి. రోగులు ఆ వీడియోను ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. స్కాన్లతో పోల్చి చూస్తే, మెదడు ముందు భాగంలో యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోటు ఎంత కుంచించుకుపోతే సిగ్గు అంత తగ్గినట్టు తేలింది.

భయానికి ఎదుటి మనిషి అక్కర్లేదు. సిగ్గుకు కావాలి. నన్ను నేను నీ కళ్లతో చూసుకుంటేనే నాకు సిగ్గు వేస్తుంది. 'నలుగురూ ఏమనుకుంటారు' అనే మాటను మనం పిరికితనంగా ఎగతాళి చేస్తుంటాం. యువతకు వ్యక్తిత్వ వికాసం బోధించేవాళ్లంతా ముందు దాన్ని వదిలించుకోమంటారు. అది పూర్తిగా వదిలిపోయిన మనిషితో ఒక్కరోజు గడిపితే వాళ్లు ఆ సలహా ఇవ్వరు. నలుగురూ ఏమనుకుంటారో పసిగట్టే ఏర్పాటు మెదడులో ఒక చోట, కొన్ని కణాల్లో ఉంది. ఆ కణాలు చచ్చిపోతే మొహమాటం, మర్యాద, జాలి ఒకదాని వెంట ఒకటి పోతాయి.

ఆ కణాల్లో ఒక రకానికి వాన్ ఎకొనొమో కణాలని పేరు. 1920లలో వియన్నా శాస్త్రజ్ఞుడు కాన్‌స్టంటిన్ వాన్ ఎకొనొమో వాటిని వివరంగా వర్ణించాడు. పెద్దవి, సన్నగా పొడుగ్గా కదురు ఆకారంలో ఉంటాయి. అవి గుంపుగా ఉండే చోట్లలో చెప్పుకోదగ్గవి రెండు. ఒకటి ఇందాక చెప్పిన యాంటీరియర్ సింగ్యులేట్, రెండోది మెదడు మడతల లోపల దాగి ఉండే ఇన్సులా ముందుభాగం. మనుషుల్లోనే కాకుండా గొరిల్లా, చింపాంజీ లాంటి పెద్ద వానరాల్లో, ఏనుగుల్లో, తిమింగలాల్లో కూడా ఇవి కనిపించాయి. వీటిలో చాలావరకు గుంపుగా బతికే పెద్ద మెదడు జీవులే. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో విలియం సీలీ బృందం చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించింది. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా ఉన్నవాళ్లలో ఈ కణాలు దాదాపు నాలుగింట మూడు వంతులు మాయమయ్యాయి. ఆల్జైమర్స్ రోగుల్లో అలా కాలేదు.

ఇన్సులా పని శరీరం లోపలి కబుర్లు వినడం. ఎదురుగా ఎవరో ఏడుస్తుంటే మన గుండె వేగం మారుతుంది, కడుపులో ఏదోలా అవుతుంది. ఆ మార్పును పట్టుకుని 'ఇది ముఖ్యమైన సంగతి, ఆగి చూడు' అని మిగతా మెదడుకు చెప్పే యంత్రాంగంలో ఇన్సులా, సింగ్యులేట్ ప్రధానం. దాన్ని సేలియెన్స్ నెట్‌వర్క్ అంటారు. అది మూగబోతే కన్నీళ్లు కంటికి కనిపిస్తాయి. చెంపల మీద నీళ్లున్నాయని రోగి చెప్పగలడు కూడా. అవి తనను ఏదో చేయమంటున్నాయని మాత్రం తోచదు.

ఎదుటివాళ్ల మనసు చదవడం ఇంకా క్లిష్టమైన పని. అందులోనూ వెటకారం. ఆస్ట్రేలియాలో తయారైన ఒక పరీక్షలో నటులు ఒకే వాక్యాన్ని ఒకసారి మనస్ఫూర్తిగా, ఒకసారి ఎత్తిపొడుపుగా పలుకుతారు. నడవడిక రకం రోగులు మొదటిదాన్ని సరిగ్గానే గ్రహిస్తారు. రెండోదాన్ని కూడా మొదటిదానిలాగే తీసుకుంటారు. గొంతులోని విరుపు, కనుబొమ్మ లేవడం వాళ్లకు అందవు. కోపం, అసహ్యం, విచారం లాంటి భావాలను ముఖంలో గుర్తించలేకపోవడానికీ దీనికీ సంబంధం ఉంది. వెటకారం లేకుండా మంచినీళ్లు కూడా అడగని గోదావరి జిల్లాల్లో ఇలాంటి మనిషి పరిస్థితి ఊహించుకోండి. 'చాలా గొప్ప పని చేశారు, ఇంకా నాలుగు గ్లాసులు పగలగొట్టండి' అని భార్య అంటే నిజంగానే ఇంకో గ్లాసు అందుకుంటాడు. ఆమె దాన్ని మొండితనం అనుకుంటుంది.

నవ్వు సంగతి మరీ వింత. లండన్ యూనివర్సిటీ కాలేజీలో కమిల్లా క్లార్క్ అనే వైద్యురాలి బృందం 2015లో 48 మంది రోగుల కుటుంబాలనూ స్నేహితులనూ అడిగి తెలుసుకున్న సంగతులివి. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా వచ్చినవాళ్లు టీవీలో ఘోరమైన వార్తలు చూసి నవ్వారు, అడ్డదిడ్డంగా ఆపిన కారును చూసి నవ్వారు, మొరిగే కుక్కను చూసి నవ్వారు. సగటున తొమ్మిదేళ్ల ముందు నుంచే వాళ్ల హాస్యం తీరు మారిందని బంధువులు చెప్పారు. జబ్బు ముదిరాక వెనక్కి తిరిగి గుర్తుచేసుకున్న మాటలు కాబట్టి ఆ తొమ్మిదిని రాయి మీద రాతగా తీసుకోనక్కర్లేదు. కానీ ఎవరి దినంలోనో నవ్విన మనిషిని ఊరంతా ఏళ్ల తరబడి దుర్మార్గుడని చెప్పుకున్న సందర్భాలు మన దగ్గర ఎన్ని ఉంటాయో ఆలోచించాలి.

తప్పొప్పుల దగ్గరికి వచ్చేసరికి ఇది వైద్యం హద్దు దాటి న్యాయస్థానం గుమ్మం ఎక్కుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మెమరీ సెంటర్లో 1999 నుంచి 2012 దాకా చూసిన 2,397 మంది రోగుల రికార్డులను పరిశీలించి 2015లో ఒక పత్రం వెలువరించారు. ఆల్జైమర్స్ ఉన్న 545 మందిలో 42 మంది, అంటే 7.7 శాతం మంది, జబ్బు వచ్చాక చట్టవిరుద్ధమైన పని ఏదో ఒకటి చేశారు. నడవడిక రకం ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాలో 171 మందికి 64 మంది. 37 శాతం పైమాటే. ఎక్కువగా దుకాణంలో వస్తువు జేబులో వేసుకోవడం, ట్రాఫిక్ ఉల్లంఘనలు, అసభ్యంగా చేయి వేయడం, నడిరోడ్డున మూత్రవిసర్జన. 

ఇలాంటి రోగిని కూర్చోబెట్టి 'దొంగతనం తప్పా, ఒప్పా?' అని అడిగితే 'తప్పే' అంటాడు. రూలు తెలుసు. రూలు తప్పబోయే క్షణంలో మనల్ని వెనక్కి లాగే జంకు అతనికి లేదు. మన భారతీయ న్యాయ సంహితలోని 22వ సెక్షన్, అంతకుముందు శిక్షాస్మృతిలో 84వ సెక్షన్, మతిస్థిమితం లేనివాడికి మినహాయింపు ఇవ్వాలంటే అడిగేది ఒకటే. చేస్తున్న పని స్వభావం గానీ, అది తప్పనిగానీ అతనికి తెలియకుండా పోయిందా? ఈ రోగికి తెలుసు కదా. తెలిసినా ఆగలేని మెదడు ఉంటుందన్న సంగతిని పంతొమ్మిదో శతాబ్దంలో రాసిన ఆ సెక్షన్ మూలరూపం లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఆ సంగతి బాగా తెలుసు కాబట్టి చట్టం ఈ విషయం మళ్లీ ఆలోచించాలన్నది నా అభిప్రాయం.

ఇక రెండో రకం. డిమెన్షియాల్లో 60 నుంచి 70 శాతం ఆల్జైమర్సే. ఇందులో ముందు దెబ్బతినేది హిప్పోకాంపస్, కొత్త జ్ఞాపకాలు అచ్చయ్యే చోటు. మర్యాదలు, పలకరింపులు చాలాకాలం నిలబడతాయి. ఇంటికొచ్చిన చుట్టం పేరు గుర్తులేకపోయినా పెద్దావిడ 'రా నాయనా, కూర్చో, పిల్లలు బాగున్నారా?' అని ఎంతో ఆప్యాయంగా అడుగుతుంది. ఎవరి పిల్లలో ఆమెకు తెలియదు. అయినా ఒక్క తప్పు దొర్లదు. అమెరికాలో ఉన్న కొడుకు వారానికి ఒకసారి వీడియో కాల్ చేస్తే ఆ పది నిమిషాలూ నిక్షేపంగా మాట్లాడుతుంది. అదే ఆవిడ ఫోను పెట్టేశాక పక్కింటి గడపలో నిలబడి 'పొద్దున్నుంచి మా కోడలు నాకు మెతుకు పెట్టలేదమ్మా' అంటుంది. అన్నం తిని అరగంట కూడా కాలేదు. అబద్ధం ఆడటం లేదు. తిన్న జ్ఞాపకం అచ్చు పడలేదు, ఖాళీని పూడ్చడానికి మెదడు దగ్గర ఉన్నది అనుమానం ఒక్కటే. ఆగస్టె డెటెర్ దగ్గర భర్త మీద అనుమానం ఉన్నట్టు. మాట అంత తేటగా, కన్నీళ్లు అంత నిజంగా ఉంటాయి కాబట్టి పక్కింటివాళ్లు నమ్ముతారు. అమెరికా కొడుకూ నమ్ముతాడు. రాత్రీపగలూ చాకిరీ చేసే కోడలి మీద నింద పడుతుంది. మన ఇళ్లల్లో డిమెన్షియా వల్ల జరిగే అన్యాయాల్లో ఇదే పెద్దదని నాకనిపిస్తుంది. దీని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ.

ఈ రోగుల్లో భావాలు మొద్దుబారతాయనుకోవడం పొరపాటు. స్టర్మ్ బృందమే 2013లో 237 మందిని పోల్చి చూసింది. వాళ్లలో 111 మంది ఆరోగ్యవంతులు, 62 మంది జ్ఞాపకశక్తి కొద్దిగా తగ్గినవాళ్లు, 64 మంది ఆల్జైమర్స్ రోగులు. ఎదుటివాళ్ల ఆందోళన తమకు అంటుకునే గుణం ఆరోగ్యవంతుల కంటే రెండో జట్టులో ఎక్కువ, మూడో జట్టులో ఇంకా ఎక్కువ. ఇంట్లో ఎవరో గొంతు పెంచితే, ఎందుకో తెలియకుండానే ముసలాయన వణికిపోవడం, గది చుట్టూ తిరగడం, ఏడవడం ఇందుకే. సూచన అందుతుంది, కారణం అందదు.

ఫ్రంటోటెంపొరల్‌లో మొద్దుబారిన సేలియెన్స్ నెట్‌వర్కే ఆల్జైమర్స్‌లో అతిగా చురుకైనట్టు 2010లో జువాన్ జౌ, సీలీ తదితరులు స్కాన్లలో చూశారు. ఆల్జైమర్స్‌లో సడలేది డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనే ఇంకో వ్యవస్థ. మనం గతాన్ని నెమరు వేసుకునేటప్పుడు పనిచేసేది అదే. ఫ్రంటోటెంపొరల్‌లో దాని అల్లిక మరింత బలపడింది. ఇవి తక్కెడ సిబ్బెల్లాంటివి, ఒకటి దిగితే రెండోది లేస్తుంది.

అయోవా విశ్వవిద్యాలయంలో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం ప్రతి ఇంట్లోనూ తెలియాల్సినది. ఆల్జైమర్స్ ఉన్న 17 మందికి, లేని 17 మందికి దుఃఖం కలిగించే సినిమా దృశ్యాలు, తర్వాత విడిగా సంతోషం కలిగించేవి సుమారు ఇరవై నిమిషాల చొప్పున చూపించారు. దృశ్యాలు అయిపోయిన ఐదు నిమిషాలకు ఏం చూశారో అడిగితే రోగులకు చాలా తక్కువ గుర్తుంది. దుఃఖం మాత్రం అరగంట దాకా ఉండిపోయింది. ఇంకో సంగతి తేలింది. సినిమా ఎంత తక్కువగా గుర్తుంటే దుఃఖం అంత ఎక్కువసేపు నిలిచింది. ఎందుకు బాధగా ఉందో తెలిస్తే మనసుకు సర్దిచెప్పుకోవచ్చు. తెలియనివాడికి ఆ వీలు లేదు.

కాబట్టి పదేళ్ల కిందట పోయిన భర్త కోసం 'మీ నాన్నగారు ఇంకా రాలేదేం?' అని అమ్మ అడిగినప్పుడు 'నాన్న పోయారుగా అమ్మా, మరిచిపోయావా' అనడం నిజాయితీ అనిపించుకోదు. ఆమెకు అది ఇప్పుడే అందిన చావు కబురు. గంటకోసారి అడిగితే గంటకోసారి వైధవ్యం. నిజం నిమిషంలో జారిపోయి, గుండెలో బరువు మాత్రం చాలాసేపు మిగులుతుంది. 'నాన్న గుర్తొచ్చారా? ఆయనకు గుత్తివంకాయ ఎంత ఇష్టమో చెప్పు' అని మాట అందుకోవడం మేలు. ఇది అబద్ధమని సంకోచించేవాళ్లు ఉన్నారు. ఆ సంకోచం పక్కన పెట్టమనే నేను చెబుతాను. అలాగే 'మనం వెళ్లినా గుర్తుండదు కదా' అని చూడటానికి వెళ్లడం మానేసేవాళ్లకు కూడా అయోవా ప్రయోగమే జవాబు. సంతోషం కూడా దృశ్యం కంటే ఎక్కువ కాలం నిలిచింది, దుఃఖమంత కాకపోయినా.

ఈ రెంటి మధ్య గీత అంత తిన్నగా ఉండదని చెప్పాలి. నిరాసక్తత ఆల్జైమర్స్‌లోనూ మామూలే. జబ్బు ముదిరేకొద్దీ ఎదుటివాళ్ల ఉద్దేశాలు పట్టుకోవడం కూడా కష్టమవుతుంది. పాత్రలెవరో, ఎవరికి ఏం తెలుసో గుర్తుంచుకోలేని మనిషికి కథ అర్థం కాదు కదా. లూయీ బాడీ డిమెన్షియా అని ఇంకొకటి ఉంది. అందులో కొందరు భార్యను చూసి 'నువ్వు అచ్చం మా ఆవిడలా ఉన్నావు, కానీ నువ్వు తను కాదు' అంటారు. ఫ్రెంచ్ వైద్యుడు జోసెఫ్ కాప్‌గ్రా 1923లో వర్ణించిన ఈ భ్రమకు ఒక వివరణ ప్రచారంలో ఉంది. ముఖాన్ని గుర్తుపట్టే దారి బాగానే ఉంది. ఆ ముఖం చూడగానే పుట్టే ఆత్మీయతను మోసుకొచ్చే దారి తెగింది. ఆత్మీయత రాలేదు కాబట్టి ఈమె వేరెవరో అయ్యుండాలని మెదడు తేల్చేస్తుంది.

మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా. యాభైల్లోనే మొదలయ్యే ఫ్రంటోటెంపొరల్ రోగుల్లో చాలామంది 60 దాటినవారిని మాత్రమే లెక్కించే ఇలాంటి అంచనాల్లోకి రారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 2013లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలోని 648 మంది రోగుల్లో 116 మందికి ఉన్నది ఈ జబ్బే. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్‌లలో రెండు భాషలైనా మాట్లాడేవాళ్లకు ఒకే భాష వచ్చినవాళ్ల కంటే డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు ఆ అధ్యయనం చూపింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. తర్వాత 2017లో ఫ్రంటోటెంపొరల్ రోగుల్ని విడిగా చూస్తే, ఆలస్యం నడవడిక రకంలో కనిపించింది, మాట పోయే రకాల్లో కనిపించలేదు. ఎవరితో ఏ భాషలో మాట్లాడాలో క్షణక్షణం ఎంచుకోవడం, నోటిదాకా వచ్చిన రెండో భాష మాటను ఆపుకోవడం ఫ్రాంటల్ లోబ్‌కు కసరత్తు కావచ్చునని పరిశోధకుల ఊహ. చార్మినార్ దగ్గర గాజులు బేరమాడేవాళ్లంతా రోజూ చేసే పనే ఇది.

మందుల విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాను ఆపే మందు లేదు. ఆల్జైమర్స్‌కు వాడే డోనెపెజిల్ ఇందులో పనిచేయదు, కొందరిలో చిరాకు పెంచుతుంది కూడా. అందుకే ఏ జబ్బో తేల్చుకోవడం అవసరం. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు ప్రవర్తనను కొంత అదుపులో పెడతాయి. మిగతాదంతా ఇంటి ఏర్పాటే. వాదనకు దిగకండి, బుద్ధి చెప్పి మార్చాలని చూడకండి. ఫోన్‌లో యూపీఐ పరిమితి తగ్గించండి. ఎదుటివాడి మోసాన్ని పసిగట్టే శక్తి కూడా పోతుంది కాబట్టి సైబర్ దొంగలకు ఈ రోగులు తేలిగ్గా దొరుకుతారు. బండి తాళాలు దాచండి. వీధి చివర కిరాణా కొట్టాయనకు సంగతి చెప్పి, ఏం తీసుకెళ్లినా ఖాతాలో రాసుకోమనండి. సిగ్గుపడి దాచిపెడితే రేపు అదే కొట్టు ముందు జనం పోగవుతారు.

చూసుకునేవాళ్ల సంగతి కూడా అంతే ముఖ్యం. జ్ఞాపకం పోయిన భర్తకు సేవ చేయడం కంటే జాలి పోయిన భర్తకు సేవ చేయడం ఎక్కువ కుంగదీస్తుంది, ఎందుకంటే తిరిగి ఒక్క మంచి చూపు కూడా రాదు. 176 మంది రోగుల్ని, వాళ్లను చూసుకునేవాళ్లను పరిశీలించి 2017లో లెవెన్‌సన్ బృందం ప్రచురించిన పత్రం ప్రకారం, చూసుకునే మనిషి మానసిక ఆరోగ్యం దెబ్బతిన్న ఇళ్లల్లో రోగులు కూడా త్వరగా చనిపోయారు. అమెరికా నుంచి డబ్బు పంపే కొడుకులు, కూతుళ్లు ఏడాదికి ఒక నెల వచ్చి ఆ వదినకో అన్నయ్యకో నిద్ర దొరికేలా చేస్తే అది అమ్మకు చేసిన వైద్యమే.

మీ ఇంట్లో నలభై అయిదు దాటిన మనిషి స్వభావం ఒకటి రెండేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారిపోతే, మొహమాటస్తుడు నోటికొచ్చింది అంటుంటే, ప్రాణం పెట్టే మనిషి రాయిలా కూర్చుంటే పంచాయితీ పెట్టే ముందు న్యూరాలజిస్టుకు చూపించండి. జ్ఞాపకశక్తి పరీక్ష బాగుందంటే అక్కడితో ఆగకండి, ప్రవర్తన గురించి అడగమనండి, ఎమ్మారై అవసరమేమో కనుక్కోండి. డాక్టరుతో మీరు విడిగా పది నిమిషాలు మాట్లాడే వీలు కోరండి. తనలో మార్పు వచ్చిందని రోగి ఒప్పుకోడు, ఆ ఎరుక కూడా జబ్బులోనే పోతుంది. వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567కు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఫోన్ చేయవచ్చు. చూసుకునేవాళ్లు తాము తట్టుకోలేకపోతున్నామనుకుంటే టెలీ మానస్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది. రెండూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.